ఆఫీసులో ఒక్క కప్పు కాఫీకి చేతిమర: ఎట్టా ఎంచుకోవాలి

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా కాఫీపొడి అంగడికి పోతే గింజలు మర పట్టి, అడిగినంత చికోరీ కలిపి ఇస్తారు. ఇంటిల్లిపాదీ తాగే పొడికి అది చాలు. ఆఫీసులో రోజుకు ఒక్క కప్పు కలుపుకునేవాళ్లకైతే ఆ పావుకిలో పొట్లం రెండు మూడు వారాలు సొరుగులోనే ఉంటుంది. పొడికి గాలి అన్నివైపులా తగులుతుంది కాబట్టి వాసన కొద్ది రోజుల్లోనే పోతుంది. అదే గింజగా ఉంటే వారాల తరబడి నిలుస్తుంది. అందుకే కప్పుకు సరిపడా గింజలు అప్పటికప్పుడు తిప్పుకునే చేతిమర. కరెంటుతో పనిలేదు, చప్పుడు కూడా పక్క సీటు వాళ్లు ఓర్చుకోగలిగినంతే.

మిక్సీ ఎందుకు పనికిరాదంటే, దాని బ్లేడు గింజను ఇష్టం వచ్చినట్టు నరుకుతుంది. కొంత దుమ్మవుతుంది, కొంత పలుకులుగా మిగులుతుంది. దుమ్ములోంచి చేదు దిగుతుంది, పలుకుల్లోంచి సారమే దిగదు. రెండూ ఒకే కప్పులో కలిస్తే చక్కెర ఎంత వేసినా రుచి కుదరదు. చేతిమర తిరగలి లాంటిది. రెండు పళ్ల చక్రాల మధ్య సందు ఎంత పెడితే అంత బరకగానో మెత్తగానో పొడి వస్తుంది, దాన్నే నలుగు అందాం. ఆ పళ్ల చక్రాన్నే బర్ అంటారు. మరకు పెట్టే డబ్బంతా బర్‌కూ, దాన్ని నిలబెట్టే ఇరుసుకూ పోవాలి.

మర కొనేముందు కాఫీ దేంట్లో దించుతారో తేల్చుకోండి. నలుగు దాన్నిబట్టే ఉంటుంది. పొడిని వేడినీళ్లలో నానబెట్టి జాలీని కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్‌కు ఇడ్లీ రవ్వంత బరక కావాలి. పేపర్ ఫిల్టర్ పెట్టి పైనుంచి నీళ్లు పోసే పద్ధతికి బొంబాయి రవ్వంత. గొట్టంలో పొడీ నీళ్లూ పోసి చేత్తో నొక్కి దించే ఏరోప్రెస్‌కు ప్యాకెట్ ఉప్పంత. మన స్టీలు ఫిల్టర్‌కు ఉప్పుకంటే ఇంకాస్త మెత్తన: వేళ్లతో రుద్దితే గరుకు తెలియాలి, పిండిలా అంటుకోకూడదు. బరకగా ఏ మరైనా తిప్పుతుంది. మెత్తగా, అదీ సమానంగా తిప్పేవి తక్కువ. ఫిల్టర్ కాఫీ తాగేవాళ్లు చౌక మరతో సరిపెట్టుకోలేకపోవడానికి కారణం ఇదే.

పింగాణీ బర్ ఉన్న చిన్న మరలు తక్కువ ధరకే దొరుకుతాయి. తుప్పు పట్టవు, కడుక్కోవచ్చు. అయితే 15 గ్రాములు మెత్తగా తిప్పాలంటే రెండు మూడు నిమిషాలు పడుతుంది, చెయ్యి లాగేస్తుంది. పైగా చాలావాటిలో ఇరుసుకు కింద ఆధారం ఉండదు, తిప్పేకొద్దీ లోపలి బర్ ఊగుతుంది. ఒక పక్క సందు ఎక్కువ, ఇంకో పక్క తక్కువ అయ్యేసరికి మళ్లీ మిక్సీ పొడే వస్తుంది. స్టీలు బర్‌లో గింజను కోసే పళ్లుంటాయి. 38 మిల్లీమీటర్ల బర్ ఉన్న మర అదే 15 గ్రాములను నిమిషం, నిమిషంన్నరలో ముగిస్తుంది. టైమ్‌మోర్ కంపెనీ సి2, సి3 మరలు ఈ కొలతవే. 48 మిల్లీమీటర్ల బర్ ఉన్నవి ఇంకా తొందరగా తిప్పుతాయి, బరువూ ధరా కూడా పెరుగుతాయి. ఒక్క కప్పుకు 38 చాలు. అంతకుమించి పెట్టే డబ్బు మంచి గింజల మీద పెట్టడం మేలు.

ఇరుసుకు పైనొకటి, కిందొకటి బేరింగులు ఉన్నాయా అని తప్పక చూడండి. సందు మార్చే డయల్ క్లిక్కు క్లిక్కుగా ఆగాలి. తిప్పిన పొడి మీకు నచ్చితే ఆ క్లిక్కుల లెక్క గుర్తుపెట్టుకోవచ్చు. క్లిక్కులు లేని మరలో తిప్పేటప్పుడే సందు మెల్లగా జారుతుంది, నిన్నటి కప్పు ఇవాళ రాదు. ఇక గింజలు పట్టే జాగా 20 గ్రాములైతే చాలు. 40 గ్రాముల మర కొంటే లావుపాటి పీపాయిని పట్టుకున్నట్టుంటుంది, తిప్పేటప్పుడు అరచేతిలో జారుతుంది. ఒంటి మీద గీతలు చెక్కినవీ, రబ్బరు పట్టీ ఉన్నవీ వేసవిలో చెమట చేతికి నిలుస్తాయి. పొడి పడే గిన్నె అయస్కాంతంతో అతుక్కునేదానికంటే సీసా మూతలా చుట్లు తిప్పి బిగించేదే బ్యాగులో మోసుకుపోయేవాళ్లకు నయం, బస్సు కుదుపులకు ఊడిరాదు. కాకపోతే ఆ చుట్ల సందుల్లో పొడి ఇరుక్కుంటుంది, వారానికోసారి కుంచెతో దులపాలి.

మర ఇంటికి రాగానే, వాపసు గడువు దాటకముందే పరీక్షించండి. గింజలు వేయకుండా డయల్ బిగించుకుంటూ పోండి. పిడి కదలక ఆగిపోయిన చోటు సున్నా. అక్కడినుంచి రెండు క్లిక్కులు వదులు చేసి పిడిని మెల్లగా తిప్పితే లోహం రాసుకునే చప్పుడు చుట్టూ ఒకేలా వినిపించినా పర్వాలేదు, అసలు వినిపించకపోయినా సరే. ఒక్క పక్కనే కీచుమంటే ఇరుసు వంకరగా ఉన్నట్టు. ఆ మర వెనక్కి పంపించాల్సిందే. సున్నా దగ్గర పెట్టి గట్టిగా తిప్పవద్దు, పళ్లు మొద్దుబారతాయి.

ఇక నలుగు కుదుర్చుకోవడం. చిన్న స్టీలు ఫిల్టర్‌కు 15 గ్రాముల పొడి, 75 మిల్లీలీటర్ల వేడినీళ్లు. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీళ్లు తానే పీల్చుకుంటుంది కాబట్టి కిందికి 45 మిల్లీలీటర్ల డికాషన్ దిగుతుంది. దానికి 100 మిల్లీలీటర్ల పాలు సరి. డికాషన్ 15 నుంచి 20 నిమిషాల్లో దిగితే నలుగు కుదిరినట్టే. అయిదు నిమిషాల్లో బొటబొటా కారిపోయి పల్చగా ఉంటే రెండు క్లిక్కులు బిగించండి. అరగంటైనా పైన నీళ్లు నిలిచి ఉంటే రెండు క్లిక్కులు వదలండి. ఒకేసారి ఒక్కటే మార్చాలి. నలుగూ, పొడి కొలతా రెండూ మారిస్తే ఏది తేడా చేసిందో తెలియదు.

ఆఫీసుల్లో చాలామంది వేడినీళ్లు డిస్పెన్సర్ నుంచే పట్టుకుంటారు. అవి కెటిల్లో మరిగిన నీళ్లంత వేడిగా ఉండవు. వేడి తగ్గితే సారం తక్కువ దిగుతుంది. అందుకని ఇంట్లో కుదిరిన నలుగుకంటే ఆఫీసులో ఒకటి రెండు క్లిక్కులు మెత్తగా పెట్టుకోవాలి. ఇంట్లో బాగున్న కాఫీ ఆఫీసులో చప్పగా ఉందంటే ముందు అనుమానించాల్సింది గింజల్ని కాదు, నీళ్ల వేడిని. నీళ్లు మాత్రం క్యానువే వాడండి. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో ఏ మరా మంచి కప్పు ఇవ్వలేదు.

తిప్పేటప్పుడు గింజలు మరీ గట్టిగా తగిలి పిడి ఆగిపోతుంటే మరను కాస్త పక్కకు వంచి తిప్పండి. గింజలు ఒక్కసారిగా పళ్లమీద పడకుండా కొద్దికొద్దిగా దిగుతాయి. లేత వేపుడు గింజలు గట్టిగా ఉంటాయి, వాటికి ఈ పద్ధతి తప్పదు. ఏసీ గదిలో పొడి గిన్నె అంచులకు అతుక్కుని ఎగురుతుంది. గింజల మీద ఒక్క చుక్క నీళ్లు చిలకరించి కలిపితే ఆ బెడద తగ్గుతుంది. చుక్క అంటే చుక్కే, తడిస్తే స్టీలుకు చేటు.

స్టీలు బర్‌ను ఎప్పుడూ కడగవద్దు. కృష్ణపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే చోట తేమ చాలు, స్ప్రింగులు ముందు ఎర్రబడతాయి. కుంచెతో దులిపి, పొడిబట్టతో తుడిచి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. చీమకుర్తి వైపు గ్రానైటు పనులు జరిగే చోట ఆఫీసైతే ఈ డబ్బా ఇంకా అవసరం. రాతిపొడి పళ్లలో పడితే అరిగేది పళ్లే. బియ్యం వేసి తిప్పితే మర శుభ్రమవుతుందని కొందరు చెబుతారు, చెయ్యకండి. బియ్యం గింజ కాఫీ గింజకంటే గట్టి, పిండి సందుల్లో చేరి పట్టుకుంటుంది. యాలకులు, శొంఠి, మిరియాలూ ఇందులో వద్దు. ఆ వాసన నెల దాకా వదలదు. చికోరీ కూడా పొడిగానే విడిగా కొని, కాఫీపొడి తిప్పాక కలుపుకోండి. తేమ పీలిస్తే అది జిగురై పళ్లకు పట్టేస్తుంది.

గింజలు కొనేటప్పుడు చికోరీ లేని గింజలు కావాలనీ, వేయించిన తేదీ ఏదనీ అడగండి. అరకువైనా, చిక్కమగళూరువైనా తేదీ దగ్గరగా ఉంటే చాలు. 250 గ్రాములు తెస్తే 15 చొప్పున 16 కప్పులు వస్తాయి, అంటే దాదాపు మూడు వారాల పనిదినాలు. ఆదివారం రాత్రి ఇంట్లోనే తూచి అయిదారు చిన్న సీసాల్లో పోసుకుంటే ఆఫీసుకు త్రాసు మోసే పని ఉండదు. తూచేటప్పుడే బియ్యంలో లాగా రాయి ఉందేమో వేలితో కదిపి చూడండి. రోహిణి కార్తె ఎండల్లో ఆ సీసాలను బండి డిక్కీలో వదిలేస్తే మాత్రం సాయంత్రానికి గింజల నూనె పైకి తేలి, రెండు రోజుల్లోనే మక్కిన వాసన మొదలవుతుంది.