అమెరికాలో కారు బీమా, రెండో పాఠం: 30/60/25 చదవడం ఎలా?

గత పాఠంలో డిక్లరేషన్స్ పేజీ, అంటే మీ పాలసీ వివరాలన్నీ క్లుప్తంగా ఉండే పేజీ, ఎక్కడ దొరుకుతుందో చూశాం. దాన్ని తెరిచి పక్కన పెట్టుకోండి. ఈసారి అందులో ఒక్క వరుసే చదువుదాం: లయబిలిటీ.

అమెరికాలో కారు బీమాకు దేశమంతటికీ ఒకే చట్టం లేదు. ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సస్‌ను తీసుకుందాం. అక్కడ కనీస లయబిలిటీ 30/60/25. తప్పు మీదైతే ఎదుటివారిలో గాయపడిన ఒక్కొక్కరికి 30 వేల డాలర్ల వరకు, అందరికీ కలిపి 60 వేల వరకు, పాడైన ఆస్తికి 25 వేల వరకు కంపెనీ చెల్లిస్తుంది. మీ గాయాలకు, మీ కారుకు ఇందులోంచి ఒక్క సెంటు కూడా రాదు.

కొత్తగా వచ్చినవారు తడబడేది ఇక్కడే. భారతదేశంలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, గాయాలకూ మరణానికీ ట్రైబ్యునల్ ఎంత పరిహారం నిర్ణయిస్తే అంతా సాధారణంగా బీమా కంపెనీయే భరిస్తుంది. ఆ ధీమాతో ఇక్కడా చౌక పాలసీ తీసేసుకుంటారు. ఒక లెక్క వేసి చూద్దాం.

ఎర్రలైటు దగ్గర ఆగి ఉన్న కారును మీరు వెనక నుంచి గుద్దారనుకోండి. అందులో ముగ్గురున్నారు. వారి నష్టాలు వరుసగా 45 వేలు, 10 వేలు, 5 వేలు. మొత్తం 60 వేలు. పాలసీలోనూ 60 ఉంది కాబట్టి సరిపోయినట్టే అనిపిస్తుంది, కానీ సరిపోదు. మొదటి వ్యక్తి దగ్గర 30 వేల పరిమితి అడ్డుపడుతుంది. కంపెనీ కట్టేది 30+10+5, అంటే 45 వేలే. ఆ కారు విలువ 38 వేలు, బాగు చేయలేనంతగా దెబ్బతింది అనుకుందాం. అక్కడ 25 వేలు పోగా ఇంకో 13 వేలు తేలుతుంది. మొత్తం 28 వేల డాలర్ల కోసం వారు మీ మీద దావా వేయవచ్చు.

అందుకే నా సలహా: కొటేషన్ అడిగేటప్పుడు 100/300/100కి కూడా ధర అడగండి. రక్షణ పెరిగినంతగా ప్రీమియం పెరగదు. ఏజెంటు ‘ఫుల్ కవరేజ్’ అన్నాడని నిశ్చింతగా ఉండకండి. ఆ మాట చెప్పి, లోపల 30/60/25 పెట్టిన పాలసీలు చాలానే ఉంటాయి.

మిగతా రాష్ట్రాల సంగతి క్లుప్తంగా. కాలిఫోర్నియాలో దశాబ్దాలపాటు 15/30/5గా ఉన్న కనీసం, 2025 జనవరి 1 నుంచి 30/60/15 అయింది. వర్జీనియాలో అదే రోజు నుంచి 50/100/25. ఫ్లోరిడా దారి వేరు: తప్పు ఎవరిదైనా మీ వైద్యానికి పనికొచ్చే పీఐపీ 10 వేలు, ఎదుటివారి ఆస్తికి 10 వేలు ఉండాలి. న్యూ హాంప్‌షైర్‌లో చాలామందికి బీమా తప్పనిసరే కాదు. రాష్ట్రం మారితే పాలసీ కూడా మార్చుకోవాలన్నది గుర్తుంచుకోండి.

మళ్లీ టెక్సస్‌కు వద్దాం. బీమా లేని వాహనం మిమ్మల్ని గుద్దితే ఆదుకునే అన్‌ఇన్ష్యూర్డ్ మోటరిస్ట్ కవరేజ్‌ను, పీఐపీని కంపెనీ మీకు తప్పక ఇవ్వజూపాలి. వద్దనుకుంటే మీరు రాతపూర్వకంగా తిరస్కరించాలి. ఆన్‌లైన్‌లో చకచకా సంతకాలు పెట్టుకుంటూ పోయేటప్పుడు ఆ తిరస్కరణ పత్రం కూడా వాటిలో కలిసిపోతుంది. మీ పేజీలో ఈ రెండూ కనిపించకపోతే, సంతకం చేసిన కాగితాలు వెతకండి.

అభ్యాసం: పాలసీ 50/100/50. గాయపడినవారు ఇద్దరు, నష్టాలు 70 వేలు, 20 వేలు. కారు నష్టం 42 వేలు. కంపెనీ ఎంత కడుతుంది, మీ మీద ఎంత పడుతుంది? జవాబు మూడో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠం మీ సొంత కారు గురించి: కొలిజన్, కాంప్రిహెన్సివ్, డెడక్టిబుల్. డల్లాస్ వడగళ్లకు ఏది పనికొస్తుందో కూడా అందులోనే.