గాలి ఒక్క రోజే, కష్టం వారం: విశాఖ సంస్థలు తుపానుకు ముందే చేసుకోవాల్సిన పనులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే నడిమధ్య గాలి నెమ్మదించే భాగం, విశాఖ మీదుగానే దాటింది. గంటకు 170–180 కిలోమీటర్ల వేగంతో కొట్టిన గాలి ఆ రాత్రికి తగ్గిపోయింది. ఊరు మాత్రం రోజుల తరబడి కరెంటు లేక, కుళాయి రాక, ఫోను కలవక, పెట్రోలు బంకుల ముందు వరసల్లో నిలబడింది. ఆఫీసయినా, స్కూలయినా, క్లినిక్కయినా, ఆటోనగర్‌లో రేకుల షెడ్డయినా చాలామంది తుపాను ప్రణాళిక అంటే గాలి కొట్టే పది పన్నెండు గంటలకే వేసుకుంటారు. సంస్థను పడగొట్టేది ఆ తర్వాతి వారం. లెక్కలన్నీ దానికి వేసుకోవాలి.

బంగాళాఖాతంలో గట్టి తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. మరమ్మతులు సెప్టెంబరులోనే ముగించండి. దసరా దగ్గర పడితే వెల్డరూ దొరకడు, ఎలక్ట్రీషియనూ దొరకడు. వాతావరణ శాఖ మొదటి సూచన తీరంలో గాలివాన మొదలవడానికి సుమారు 72 గంటల ముందు, రెండోది 48 గంటల ముందు, అసలు హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తుంది. మీ పనుల్నీ ఈ మూడు మెట్లకే కట్టండి: మొదటి సూచనకు డీజిలు, మందులు, చేతిలో నగదు, రెండోదానికి కిటికీలు, పైకప్పు, మూడోదానికి మనుషుల్ని ఇళ్లకు పంపడం. 'మూసేద్దాం' అనే అధికారం విశాఖలోనే ఒకరికి రాతపూర్వకంగా ఇచ్చి ఉంచండి. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి మెయిలు వచ్చేదాకా ఆగితే బస్సులు ఆగిపోతాయి.

పైకప్పు, కిటికీలు

రేకును గాలి కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. ఆ లాగుడు అంచుల్లోనూ మూలల్లోనూ ఎక్కువ, కాబట్టి అక్కడ రేకును పట్టి ఉంచే జె-హుక్కుల మధ్య దూరం మిగతా చోట్ల కంటే తక్కువగా ఉండాలి. సముద్రపు ఉప్పుగాలికి హుక్కు మెడ దగ్గర తుప్పు పట్టి సన్నబడుతుంది. కింద నిలబడి చూస్తే కనిపించదు, నిచ్చెనేసి ఎక్కి స్పానరుతో తిప్పి చూడాలి. తిరిగితే బిగించండి, విరిగితే మార్చండి.

గాలికి ఎదురుగా ఉన్న ఒక్క కిటికీ పగిలితే లోపల గాలి నిండి కప్పును కింద నుంచి తోస్తుంది. పైన లాగుడు, కింద తోపుడు కలిస్తే ఆ రేకులు నిలవవు. అద్దం మీద గుణకారం గుర్తులా టేపు అంటించడం అద్దాన్ని కాపాడదు, పెద్ద ముక్కలుగా పగిలేలా మాత్రం చేస్తుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముందే కొలత ప్రకారం కోయించి, ఏ ముక్క ఏ కిటికీదో నంబరు రాసి, ఫ్రేములకు కన్నాలు వేయించి ఉంచండి. అప్పటికప్పుడు చేద్దామంటే ప్లైవుడ్డూ ఉండదు, వేసేవాడూ ఉండడు. నాలుగు వైపులా మూయాలి. తుపాను కన్ను నెత్తి మీదికి వస్తే గాలి ఒక్కసారిగా ఆగి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. అప్పటిదాకా చాటున ఉన్న గోడే ఈసారి దెబ్బ తినేది. ఆ విరామంలో 'అయిపోయింది' అనుకుని బండి తీసి బయటికి వెళ్లేవాళ్లకే ఎక్కువ ప్రమాదం, ఈ మాట వాచ్‌మన్‌కు కూడా చెప్పండి.

ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు ఎగిరిపోతుంది. వెయ్యి లీటర్లు నింపితే టన్ను బరువు కదలకుండా కూర్చుంటుంది, ఆ నీళ్లే తర్వాత మీకు దిక్కు. మేడ మీద నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు తీయించండి: పది సెంటీమీటర్ల నీరు నిలిచినా చదరపు మీటరుకు వంద కిలోల బరువు. కొండవాలున్న వాళ్లు మట్టిని ఆపే రిటైనింగ్ గోడకు నీళ్లు బయటికి పోయే కన్నాలు పూడిపోయాయేమో చూసుకోవాలి. గోడ వెనక మట్టి నీటిని పట్టేసుకుని ఉబ్బితే గోడే తోసుకొస్తుంది. గెడ్డ (వాన నీళ్లు పోయే వాగు) పక్కన ఉన్నవాళ్లకు వేరే చిక్కు: భారీ వాన, సముద్రపు పోటు ఒకే సమయానికి పడితే గెడ్డ నీరు సముద్రంలోకి పోదు, వెనక్కి ఎక్కుతుంది. సెల్లారులో జనరేటరో, మెయిన్ ప్యానెలో ఉంటే దాన్ని పైకి మార్చడమే మందు, ఇసుక బస్తాలు కాదు.

జనరేటరు

అవసరానికి జనరేటరు స్టార్టు కాకపోతే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని. నెలకోసారి లోడు లేకుండా పది నిమిషాలు తిప్పి 'బాగుంది' అని రిజిస్టరులో రాయడం పరీక్ష కాదు. కరెంటు మెయిన్ ఆపి, ఫ్రిజ్, పంపు, సర్వరు అన్నీ దానిమీదే అరగంట నడపండి. లీటరు డీజిలుకు సుమారు మూడు నుంచి మూడున్నర యూనిట్లు వస్తాయి. 10 కిలోవాట్ల లోడుకు గంటకు మూడున్నర లీటర్లు పెట్టుకోండి. రోజుకు 8 గంటల చొప్పున 5 రోజులకు 140 లీటర్లు. బంకు మీటరుకూ కరెంటే కావాలి, కాబట్టి ఆ డీజిలు ముందే మీ దగ్గర ఉండాలి.

జనరేటరు తలుపు, కిటికీలకు దూరంగా ఆరుబయట ఉండాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయటి లైను, జనరేటరు రెండిట్లో ఒక్కదానికే కలిపే ఛేంజోవర్ స్విచ్ లేకుండా సాకెట్‌లో వైరు గుచ్చి ఇంటి లైనుకు కరెంటు ఇస్తే అది వెనక్కి ట్రాన్స్‌ఫార్మరుకు పోయి, బయట స్తంభమెక్కిన లైన్‌మన్‌ను చంపుతుంది.

మనుషులు

జాబితా కాగితం మీద ఉండాలి, ఫోనులో కాదు: పేరు, ఇల్లు ఎక్కడ, ఇంట్లో గర్భిణి గానీ డయాలసిస్ రోగి గానీ ఉన్నారా, ఇన్సులిన్ వాడతారా. రోజూ వేసుకునే మందులు రెండు వారాలకు సరిపడా కొనుక్కోమని మొదటి సూచన నాడే చెప్పండి. టవర్లు బ్యాటరీ అయ్యేదాకానే పనిచేస్తాయి. కాల్ కలవకపోతే ఎస్సెమ్మెస్ ప్రయత్నించండి. దూరపు ఊళ్లో ఒక నంబరు పెట్టుకుని అందరూ క్షేమమని దానికే చెప్పండి. అదీ కుదరకపోతే 'గాలి ఆగిన మర్నాడు ఉదయం 10కి ఆఫీసు గేటు దగ్గర' అని ముందే అనుకోండి. సెలవుకు జీతం కోయబోమని రాసి ఇవ్వండి. లేకపోతే కాంట్రాక్టు హౌస్‌కీపింగు వాళ్లు పెందుర్తి నుంచి నడిచైనా వస్తారు.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు. భవనంలో 40 మంది 3 రోజులుంటే 480 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 24. వాడకపు నీళ్లు వేరే.

ఫైర్ పాలసీలో తుపాను, వరద నష్టం ఉందో లేదో ఈ నెలలోనే చదవండి. యంత్రాలకు, సరుకుకు తేదీతో ఫొటోలు తీయండి.

గాలి ఆగాక

తడిసిన ప్యానెల్‌ను ఆరిందనిపించగానే ఆన్ చేయకండి, ఎలక్ట్రీషియన్ మెగ్గరుతో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చూడాలి. కరెంటు వచ్చిన వెంటనే అన్నీ ఒకేసారి వేయకుండా ఒక్కో లైనే కలపండి. పడిపోయిన తీగ ఎవరిదైనా సరే, అందులో కరెంటు ఉన్నదనే అనుకుని విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి.

వరద నీరు చేరిన సంపును తోడి, కడిగి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి 12 గంటలు ఉంచి పారబోయండి. తర్వాత తాగే నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు; అరగంట తర్వాత క్లోరోస్కోపులో (నీటిలో మిగిలిన క్లోరిన్ చూపే సాధనం) లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాములు చూపాలి. నిరుడు విప్పిన పౌడరులో బలం ఉండదు. బ్లీచింగ్ పౌడరును టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది.

చెట్లు, చెత్త తీసేవాళ్లకు బూట్లు, గ్లౌజులు, ధనుర్వాతం ఇంజెక్షను ఉండాలి. ఎలుకల మూత్రం కలిసిన బురదలో కాలి పగుళ్లతో దిగితే లెప్టోస్పైరోసిస్ పట్టవచ్చు. తుపాను వెళ్లాక వచ్చే ఎండను తేలిగ్గా తీసుకుంటారు. విశాఖ ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, ఇంటికెళ్తే ఫ్యాను కూడా ఉండదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసు నీళ్లు, మధ్యమధ్య ఓఆర్‌ఎస్, మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని ఆపడం. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే నీడకు చేర్చి, ముందు నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోను చేయండి.

గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు. అందుకే వారానికోసారి, నిలవ నీళ్లు పారబోసే శుక్రవారం 'డ్రై డే' నాడు, కొబ్బరి బొండాలు, టైర్లు, టార్పాలిన్ మడతలు, ఫ్రిజ్ వెనక ట్రే ఖాళీ చేయించండి. జ్వరానికి పారాసిటమాలే ఇవ్వండి, డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. హాజరు పట్టీలో నాలుగు వారాల పాటు జ్వరానికి ఒక గడి గీయండి. ఒకే అంతస్తులో వారంలో ముగ్గురికి టిక్కు పడితే ఆ అంతస్తు నీళ్లు, పరిసరాలు ఆ రోజే చూడండి.