ఇంటి లెక్కలు, 4వ పాఠం: అందరికీ ఒకే రుసుము, ఎవరి మీద ఎంత భారం?

ఏడాదికొకసారి వచ్చే ఖర్చును నెలలకు పంచి రాసుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాము. ఈ పాఠంలో నేర్చుకోబోయేది, ఉన్నవారు లేనివారు అనే తేడా లేకుండా ఇంటికింత అని వేసే రుసుమును తూచే పద్ధతి. ఉదాహరణగా టీవీ చూడడానికి కట్టే సొమ్మును తీసుకున్నాను. అందుకు కారణం మా వీధిలో ఒకామె అడిగిన ప్రశ్న.

అనంతపురం పాతూరులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే ఆమె రోజుకూలికి పోతుంది. కేబుల్ అబ్బాయి ఇచ్చిన అట్టకార్డు ఒకటి పట్టుకొని పోయిన నెల మా ఇంటికి వచ్చింది. కార్డు మీద పన్నెండు నెలల గడులు, కట్టిన ప్రతి నెలకూ గడిలో ఒక పొట్టి సంతకం, చివర రెండు గడులు ఖాళీ. "అన్నా, మేడింటోళ్లూ ఇంతే కడతారంట, నేనూ ఇంతే కట్టల్లంట. ఇద్దరికీ ఒకే రేటు కాబట్టి న్యాయమే అంటాడు ఆ పిల్లోడు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు" అంది. ఆమె మనసుకు తోచినదాన్ని అంకెల్లో చూపడమే ఈ పాఠం పని.

ముందుగా బిల్లును విప్పి చూడాలి. 2019లో టెలికాం, ప్రసార సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త ధరల విధానం అమలులోకి వచ్చినప్పటి నుంచి కేబుల్, డీటీహెచ్ బిల్లులో రెండు భాగాలు ఉంటున్నాయి. మొదటిది తీగ ద్వారానో గొడుగు ద్వారానో ప్రసారాన్ని ఇంటికి చేర్చినందుకు తీసుకునే నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, రెండవది మనం ఎంచుకున్న పే ఛానళ్ల ధర. ఈ రెండింటి మొత్తం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మొదటి భాగానికి చాలాకాలం 130 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండేది. 2024లో ట్రాయ్ ఆ పరిమితిని ఎత్తివేసి, ఎంత తీసుకోవాలో ఆపరేటర్లే నిర్ణయించి ప్రకటించేలా మార్చింది. కాబట్టి మీ బిల్లులో ఆ అంకె ఎంత ఉందో మీరే చూసి రాసుకోవాలి. అభ్యాసం కోసం మనం 130 గానే ఉంచి, ఛానళ్లకు 100 రూపాయలు అనుకుందాము. రెండూ కలిపితే 230, దాని మీద పన్ను 41.40, నెల బిల్లు 271.40 రూపాయలు. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 3,256.80. దీన్ని 365తో భాగిస్తే రోజుకు 8 రూపాయల 92 పైసలు వస్తుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రోజుకు తొమ్మిది రూపాయలంటే టీ ఖర్చు కూడా కాదు కదా అన్న మాట వినడానికి బాగుంటుంది గాని, కట్టేది ఎవరో చెప్పకుండా రుసుము చిన్నదా పెద్దదా అని తేల్చడం తూకపురాయి లేకుండా తూకం వేయడమే అవుతుంది. అందువల్ల రెండవ మెట్టుగా ఆ సొమ్మును పనిదినాల్లోకి మార్చాలి, అంటే ఆ సొమ్ము సంపాదించడానికి ఆ ఇంటివారు ఎన్ని రోజులు పని చేయాలో లెక్క కట్టాలి. రోజుకు 500 రూపాయల చొప్పున నెలకు 24 రోజులు పని దొరికే ఇంటి ఆదాయం 12,000. నెలకు 60,000 జీతం వచ్చే ఇంటికి, అదే 24 పనిదినాలుగా లెక్కిస్తే, రోజు సంపాదన 2,500. ఇప్పుడు 3,256.80ని 500తో భాగించండి, ఆరున్నర రోజులు. 2,500తో భాగించండి, ఒక రోజు, మరికొన్ని గంటలు. శాతాల్లో చూస్తే మొదటి ఇంటికి ఆదాయంలో 2.26 శాతం, రెండవ ఇంటికి 0.45 శాతం. బిల్లు మీద అంకె ఒకటే అయినా భారం అయిదు రెట్లు. శాతం కన్నా పనిదినాల లెక్కనే నేను ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే ఆరున్నర రోజులు ఎండలో వంగి కలుపు తీయడం అంటే ఏమిటో శాతాలు రాని మనిషికి కూడా తెలుసు.

ఈ సమస్య కేబుల్‌తో మొదలైనది కాదు. మన దేశంలో రేడియోకూ టీవీకీ ఏటా లైసెన్సు కట్టే రోజులు ఉండేవి. మా నాన్నగారి ట్రంకుపెట్టెలో ఆయన రేడియో లైసెన్సు పుస్తకం ఇప్పటికీ ఉంది. పలుచని పుస్తకం, లోపల ఏడాదికొక స్టాంపు, ప్రతి స్టాంపు మూల మీదుగా తపాలా కార్యాలయం గుండ్రటి ముద్ర. రేడియోకు ఏడాదికి 15 రూపాయలు ఉండేది, టీవీకి 50 దాకా తీసుకునేవారు. లైసెన్సు లేకుండా రేడియో మోగితే తనిఖీకి వచ్చినవారు జరిమానా వేయవచ్చు, పెట్టెను స్వాధీనం చేసుకోవచ్చు. మా ఊళ్లో పొలం పనికి మూడు రూపాయల కూలి నడిచిన ఏళ్లలో ఆ 15 రూపాయలు కూలిమనిషికి అయిదు రోజుల కష్టం. బడిపంతులైన మా నాన్నగారికి ఒకటిన్నర రోజు జీతం. కడప ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే లైసెన్సు ఎక్కువ బరువైంది.

1980లలో ఆ లైసెన్సు రద్దయింది. ఆ తరువాత దూరదర్శన్, ఆకాశవాణి ప్రభుత్వ నిధులతోనూ ప్రకటనల ఆదాయంతోనూ నడుస్తున్నాయి. దీన్నిబట్టి అవి మనకు ఉచితమని అనుకోవడం లెక్కలో పొరపాటు. ప్రభుత్వ నిధి అంటే మనం కట్టే పన్నులే, అందులో ఇంట్లో టీవీ లేనివారు సబ్బు కొన్నప్పుడు కట్టిన పన్ను కూడా ఉంది. అయినా నెలనెలా కట్టలేని ఇంటికి డీడీ ఫ్రీ డిష్ ఒక దారి; గొడుగు, పెట్టె ఒకసారి కొనుక్కుంటే నెల రుసుము ఉండదు. మా వీధి ఆమెకు నేను ముందుగా చెప్పిన మాట అదే.

ఇంటికింత అనే లైసెన్సు ఇప్పటికీ నడుస్తున్న దేశాల్లో బ్రిటన్ ఒకటి. అక్కడ 2025 ఏప్రిల్‌లో అది ఇంటికి ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. ఇంట్లో ఎన్ని టీవీలు ఉన్నా ఒకటే లైసెన్సు. ఈ సొమ్ముతో నడిచే బీబీసీని చూడకపోయినా, ఏ ఛానల్ ప్రత్యక్ష ప్రసారం చూసినా కట్టాల్సిందే. ఏడాదికి 20,000 పౌండ్లు వచ్చే ఇంటికి ఆ 174.50 పౌండ్లు 0.87 శాతం, 60,000 వచ్చే ఇంటికి 0.29 శాతం. దాన్ని సమర్థించేవారి వాదనలో బలం ఉంది. ప్రకటనదారు ముందు చేయి చాచకుండా, ఏటా బడ్జెట్ కోసం ఎదురుచూడకుండా వార్తలు చెప్పగల సంస్థ కావాలంటే దాని ఖర్చును చూసేవారే నేరుగా భరించాలి అన్నది ఆ వాదన. అయితే ఆ రుసుము ఎంతో నిర్ణయించేది మాత్రం అక్కడి ప్రభుత్వమే. నాకు మింగుడుపడనిది వసూలు పద్ధతి. లైసెన్సు లేకుండా చూడడం అక్కడ నేరం, 1,000 పౌండ్ల దాకా జరిమానా. శిక్ష పడేవారిలో ఎక్కువమంది స్త్రీలు. తనిఖీకి తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉండేది, ఒంటరిగా సంసారం నెట్టుకొచ్చేది ఎక్కువగా వారే కావడం అందుకు ఒక కారణం. డెబ్బై అయిదేళ్లు దాటినవారి సంగతి కూడా చూడండి. 75 ఏళ్లు నిండినవారందరికీ 2000 నుంచి ఉన్న ఉచిత లైసెన్సును 2020 ఆగస్టులో పెన్షన్ క్రెడిట్ అనే సాయం పొందేవారికి పరిమితం చేశారు. ఆ సాయానికి అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టుకోని వృద్ధుడు ఇప్పుడు రెండు విధాలా నష్టపోతాడు.

కాబట్టి మూడవ మెట్టుగా, కట్టలేనివారికి మినహాయింపు ఉందా, అది దరఖాస్తు పెట్టకుండానే అందుతుందా అని రాసుకోవాలి. జర్మనీలో 2013 నుంచి టీవీ ఉన్నా లేకున్నా ప్రతి నివాసమూ కట్టాలి గాని, ప్రభుత్వ జీవనసాయం మీద బతికేవారు మినహాయింపు అడగవచ్చు. ఫ్రాన్స్ 138 యూరోల రుసుమును 2022లో రద్దు చేసి అమ్మకపు పన్నులోంచి వాటా ఇచ్చింది. బిల్లు కనబడకుండా పోయింది, భారం అంగడి సరుకుల్లోకి మారింది. ఫిన్లండ్ 2013లో లైసెన్సు తీసేసి, ఆదాయాన్నిబట్టి మనిషికింత అని పన్ను పెట్టింది. తక్కువ ఆదాయం వారు ఏమీ కట్టనక్కరలేదు, ఎక్కువ ఆదాయం వారికి ఒక పైహద్దు ఉంది. మన పనిదినాల తూకం వేసి చూస్తే వీటిలో ఫిన్లండ్ పద్ధతే న్యాయానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

ఇక అభ్యాసం. ఒక తెల్లకాగితం మీద మీ ఇంటి కేబుల్ లేదా డీటీహెచ్ బిల్లును భాగాలుగా విడదీసి రాయండి. ఇంట్లో రెండవ టీవీ ఉంటే దానికి విడిగా ఎంత పడుతోందో చూడండి. ఏడాది మొత్తాన్ని మీ పనిదినాల్లోకి మార్చండి. ఆ తరువాత మీ వీధిలో మీకన్నా తక్కువ సంపాదించే ఒక ఇంటికి అదే లెక్క కట్టండి. ప్యాకేజీలో గత నెల ఒక్కసారైనా పెట్టని ఛానళ్లను గుర్తించి, వాటిని తీసేస్తే ఎన్ని పనిదినాలు మిగులుతాయో పక్కన రాయండి. మా వీధి ఆమెతో ఈ లెక్క చేయించినప్పుడు, పిల్లలు చూసే రెండు ఛానళ్లు ఉంచుకొని మిగతా ప్యాకేజీ తీసేయించింది. అట్టకార్డు వెనుక తన చేత్తోనే "ఆరున్నర" అని రాసి కొట్టేసి, దాని పక్కన "నాలుగు" అని రాసుకుంది. మీ కాగితాన్ని పారేయకండి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే కరెంటు బిల్లు శ్లాబులను 5వ పాఠంలో అదే కాగితం మీద లెక్క కడతాము.