నల్ల విరేచనంతో వచ్చిన రోగికి ఏం చేయాలి

పర్లాకిమిడి, రాయగడ వైపు ఆసుపత్రులకు ఇలాంటి రోగి కడుపునొప్పితోనే రావాలని లేదు. కళ్లు తిరిగి పడిపోయాడని తీసుకొస్తారు. విరేచనం రంగు అడగండి; తెలుగు రాకపోతే "కళా ఝాడా" అంటే ఒడియావాళ్లకు అర్థమవుతుంది. తారులా నల్లగా, జిగటగా, కంపు కొడుతుంటే కడుపులో పుండులాంటి దాని నుంచి కారిన రక్తమే అనుకోవాలి. ఐరన్ మాత్రలకూ నలుపు వస్తుంది గానీ ఆ జిగట ఉండదు. నొప్పి మాత్రలు కడుపులో పుండు చేస్తాయి కాబట్టి, మోకాళ్ల నొప్పులకు ఏం మింగుతున్నాడో నోటిమాటగా వింటే చాలదు, మాత్రల సంచి తెప్పించి చూడాలి.

మొదటి హిమోగ్లోబిన్‌ను నమ్మొద్దు. రక్తంతో పాటు ప్లాస్మా కూడా పోతుంది కాబట్టి తొలి గంటల్లో 11 (గ్రా./డె.లీ.) చూపించినా చూపించొచ్చు. నాడి 100 దాటినా, పై బీపీ 100 కిందకు దిగినా వాటినే నమ్మండి. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వేసుకునేవాడికి మాత్రం నాడి పెరగదు.

రెండు చేతులకూ 16 లేదా 18 గేజి కాన్యులా. గ్రూపింగ్, క్రాస్‌మ్యాచ్, ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే సమయం), యూరియా పంపి, బీపీ తక్కువుంటే రింగర్ లాక్టేట్ 500 మి.లీ. పావుగంటలో ఎక్కించి మళ్లీ చూడాలి. హిమోగ్లోబిన్ 7 కిందకు వస్తే రక్తం. గుండెజబ్బు ఉంటే 8కే. ఈ ప్రాంతంలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య రక్తజబ్బు) ఎక్కువ. వాళ్లకు మామూలు రోజుల్లో ఎంత ఉండేదో చూసి ఎక్కించాలి, 10 దాటించొద్దు, రక్తం చిక్కబడుతుంది.

కడుపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ 80 మి.గ్రా. నరంలోకి, ఆపై గంటకు 8 మి.గ్రా. పంపు లేకపోతే 40 మి.గ్రా.ను 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి మి.లీ.కి 60 చుక్కలు పడే మైక్రోడ్రిప్ సెట్‌తో నిమిషానికి 20 చుక్కలు. సీసా 5 గంటలు వస్తుంది. రక్తం ఆపడానికని ట్రానెక్సామిక్ ఆమ్లం అలవాటుగా పొడవడం మానాలి: 2020లో వెలువడిన, 12,000 మందికి పైగా రోగులున్న హాల్ట్-ఇట్ పరిశోధనలో మరణాలు తగ్గలేదు, సిరల్లో రక్తపు గడ్డలు పెరిగాయి. కామెర్లు, జలోదరం ఉంటే దారి వేరు, కాలేయ జబ్బుతో ఉబ్బిన అన్నవాహిక సిరలు పగిలి ఉండొచ్చు, అక్కడ ఆక్ట్రియోటైడ్, సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టాలి.

ఎండోస్కోపీ 24 గంటల్లోపు జరగాలి, కానీ బీపీ నిలబడ్డాకే. బరంపురమో శ్రీకాకుళమో పంపేముందు ఫోన్ చేసి ఎండోస్కోపీ చేసేవాళ్లున్నారో కనుక్కోండి. చేయడానికి 30 నుంచి 90 నిమిషాల ముందు ఎరిత్రోమైసిన్ 250 మి.గ్రా. డ్రిప్‌లో ఇస్తే కడుపులోని రక్తపు గడ్డలు కిందికి జారి పుండు కనిపిస్తుంది. ఈ మందు గుండె లయను చెదరగొట్టొచ్చు కాబట్టి ఈసీజీలో క్యూటీ నిడివి చూసుకునే ఇవ్వాలి.

పుండు అడుగు శుభ్రంగా ఉంటే మాత్రలు చాలు, ఆరోజే అన్నం పెట్టొచ్చు. రక్తం చిమ్ముతున్నా, ఊరుతున్నా, రక్తనాళం తేలి కనిపిస్తున్నా 1:10,000 ఎడ్రినలిన్ చుట్టూ పొడిచి, నాళాన్ని పట్టే క్లిప్పో, వేడితో మాడ్చడమో తప్పక జోడించాలి. ఒట్టి ఎడ్రినలిన్ ప్రభావం దిగగానే మళ్లీ కారుతుంది. ఎక్కువగా మళ్లీ కారేది మొదటి 72 గంటల్లోనే. ఆ మూడు రోజులూ పాంటాప్రజోల్ డ్రిప్ ఆపొద్దు. మళ్లీ కారితే రెండోసారి ఎండోస్కోపీ, అదీ ఆపలేకపోతే నాళాన్ని మూసే ఎంబలైజేషన్ లేదా ఆపరేషన్.

హెచ్.పైలోరీ (కడుపులో పుండు చేసే బ్యాక్టీరియా) పరీక్ష రక్తస్రావంలో నెగెటివ్ వస్తే కొట్టేయకండి, తర్వాత మళ్లీ చేయాలి. స్టెంట్ ఉన్నవాడి ఆస్పిరిన్‌ను మూడు రోజుల్లోపు తిరిగి మొదలుపెట్టాలి. నొప్పి మాత్రలు వద్దన్న సంగతి డిశ్చార్జి చీటీలో ఒడియాలోనూ తెలుగులోనూ రాయండి.