ప్రైవేట్ హైస్కూల్లో రెండు మూడు ఆటలు ఆడే పిల్లలకు అన్యాయం జరగకుండా చూసుకోవడం ఎలా

అమెరికాలో మీ అమ్మాయో అబ్బాయో ప్రైవేట్ హైస్కూల్లో చేరబోతూ, ఫాల్‌లో వాలీబాల్, వింటర్‌లో బాస్కెట్‌బాల్, స్ప్రింగ్‌లో ట్రాక్ అన్నీ ఆడతానంటే ముందుగా సంతోషించండి. తర్వాత జిమ్, ట్రోఫీలు చూసే లోపే ఆ స్కూల్ ఏ అసోసియేషన్ (స్కూళ్ల మధ్య పోటీలు నడిపే సంఘం) కింద ఆడుతుందో అడగండి. దేశమంతటికీ ఒకే రూల్ లేదు. టెక్సస్‌లో చాలా ప్రైవేట్ స్కూళ్లు టాప్స్ అనే ప్రైవేట్ స్కూళ్ల సంఘం కింద ఆడతాయి, ప్రభుత్వ స్కూళ్ల సంఘం యూఐఎల్. టెనెస్సీలో చదువుకు ఆర్థిక సాయం ఇచ్చే ప్రైవేట్ స్కూళ్ల కోసం డివిజన్ 2 విడిగా ఉంది. ఇల్లినాయ్‌లో అందరూ కలిసే ఆడతారు, కానీ ఫలానా ఏరియా పిల్లలనే తీసుకోవాలన్న హద్దు లేని స్కూళ్ల విద్యార్థుల సంఖ్యను, మినహాయింపు దొరికితే తప్ప, 1.65తో గుణించి క్లాస్ (స్కూల్ సైజును బట్టి పోటీ పడే విభాగం) నిర్ణయిస్తారు. అంటే 400 మంది ఉన్న స్కూల్ 660 మంది ఉన్న స్కూల్ కింద లెక్క. ఇండియానాలో అయితే టోర్నమెంట్లలో బాగా గెలిచిన టీమ్‌ను పై క్లాస్‌కు పంపుతారు.

ఈ లెక్కలు చూసి కొందరు పేరెంట్స్ కోపగించుకుంటారు గానీ, నా ఉద్దేశంలో ప్రైవేట్ స్కూళ్లతో పోటీ సమానం కాదన్న ప్రభుత్వ స్కూళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది. వాళ్లు సాధారణంగా తమ హద్దుల్లో ఉన్న పిల్లలతోనే ఆడాలి, ప్రైవేట్ స్కూల్‌కు ఎంత దూరం నుంచైనా పిల్లలు రావచ్చు. అయితే గుణించే లెక్క తలలను చూస్తుందే తప్ప, ఒక చిన్న స్కూల్లో అదే పదిహేను మంది మూడు సీజన్లూ ఆడుతున్నారా అన్నది చూడదు. స్కూల్ పై క్లాస్‌కు వెళ్తే అవతల ప్రతి ఆటకూ వేరే పిల్లలున్న పెద్ద స్కూల్ ఉంటుంది, ఇవతల మీ అమ్మాయి నిన్ననే వేరే సీజన్ ముగించుకుని వచ్చి ఉంటుంది. అందుకే టీమ్ ఏ క్లాస్‌లో ఆడుతుంది, ఆ ఆటకు ఎంతమంది ఉన్నారు అన్న రెండు ప్రశ్నలూ కలిపే అడగాలి.

అసలు చిక్కు వచ్చేది, ఆ ఆట పోటీలు లేని ఆఫ్ సీజన్‌లో. పేరుకు 'ఆప్షనల్' వర్కౌట్, వెళ్లకపోతే మాత్రం టీమ్‌లో చోటు డౌటే. వాలీబాల్ ఆడుతున్న పిల్లకు బాస్కెట్‌బాల్ కోచ్ ఫాల్‌లో వారానికి మూడు రోజులు వర్కౌట్ పెడితే తను రెండు చోట్ల ఎలా ఉంటుంది? అడ్మిషన్‌కు ముందే స్కూల్ ఆటల విభాగం చూసే అథ్లెటిక్ డైరెక్టర్‌కు ఈమెయిల్ పెట్టండి: వేరే ఆట సీజన్‌లో ఉన్న పిల్లలు ఆఫ్ సీజన్ వర్కౌట్లకు రాకపోతే సెలక్షన్ మీద ప్రభావం ఉంటుందా, ఒక ఆట ప్లేఆఫ్స్ ఇంకో ఆట ట్రయౌట్స్ (టీమ్ సెలక్షన్ పరీక్షలు) రోజుల్లో పడితే వాళ్లకు విడిగా ట్రయౌట్ ఇస్తారా, ఒకే రోజు రెండు ఉంటే ఏది ముందో ఎవరు నిర్ణయిస్తారు. ఫోన్‌లో చెప్పిన మాట కోచ్ మారితే గాల్లో కలిసిపోతుంది, కాబట్టి జవాబు రాతపూర్వకంగానే తీసుకోండి. అదే స్కూల్లో రెండు ఆటలు ఆడే సీనియర్ పిల్లలతో కూడా మాట్లాడండి, అక్కడ నిజంగా ఏం జరుగుతుందో వాళ్లు సూటిగా చెప్తారు.

ఎంత ఆడుతున్నారన్న లెక్క మీరే పెట్టుకోవాలి, ఎందుకంటే స్కూల్ కోచ్‌కు బయటి క్లబ్ టీమ్ సంగతి తెలియదు, క్లబ్ కోచ్‌కు స్కూల్ సంగతి పట్టదు. అమెరికా అథ్లెటిక్ ట్రైనర్ల జాతీయ సంఘం 2019లో చెప్పిన సూచనలు గుర్తుపెట్టుకోవడం తేలిక: వారానికి వయసుకు మించిన గంటలు వద్దు (14 ఏళ్లకు 14 గంటలు), వారానికి కనీసం రెండు రోజులు విశ్రాంతి, ఒకే ఆట ఏడాదిలో 8 నెలలకు మించకూడదు. బేస్‌బాల్ పిచర్ అయితే వేసిన బంతులు కూడా లెక్కపెట్టండి. పిచ్ స్మార్ట్ (అమెరికా బేస్‌బాల్ సంస్థల మార్గదర్శకాలు) ప్రకారం 15-16 ఏళ్ల పిల్లలకు రోజుకు 95 గరిష్ఠం, దాని తర్వాత నాలుగు రోజులు చేతికి విశ్రాంతి. శనివారం క్లబ్‌లో వేసినవి సోమవారం స్కూల్ కోచ్‌కు చెప్పాల్సింది మీరే. ఇంకో మాట, కాలిఫోర్నియాలో స్కూల్ సీజన్ నడుస్తుండగా అదే ఆటను బయటి టీమ్ తరఫున ఆడితే ఎలిజిబిలిటీ (ఆడే అర్హత) పోవచ్చు. మీ రాష్ట్రం రూల్ చూసుకున్నాకే వీకెండ్ టోర్నమెంట్‌కు ఒప్పుకోండి.

స్కూల్ మారే ఆలోచన ఉంటే మరింత జాగ్రత్త. చాలా రాష్ట్రాల్లో ఇల్లు మారకుండా స్కూల్ మారితే కొంతకాలం, కొన్నిచోట్ల ఏడాది పాటు, వర్సిటీలో (స్కూల్ మెయిన్ టీమ్‌లో) ఆడనివ్వరు. అడ్మిషన్ కంటే ముందే కోచ్ స్వయంగా ఫోన్ చేసి 'మా దగ్గరికి రండి, ఫీజు సంగతి నేను చూసుకుంటా' అంటే పొంగిపోకండి, ఆట కోసం పిల్లలను లాక్కోవడం నిషిద్ధం, అది బయటపడితే ఆడే అర్హత పోయేది మీ పిల్లకే. ఫీజు రాయితీ అడ్మిషన్ ఆఫీస్ ద్వారా, కుటుంబ ఆదాయం ఆధారంగానే రావాలి, ఆ లెటర్ దాచుకోండి.

సీజన్ మధ్యలో తేడా అనిపిస్తే ముందు పిల్లనే కోచ్‌తో మాట్లాడనివ్వండి. తేలకపోతే మీరు అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి, మ్యాచ్ అయిన వెంటనే మాత్రం వద్దు. ఎన్ని నిమిషాలు ఆడించారన్నది వదిలేసి, ముందు ఈమెయిల్‌లో ఇచ్చిన మాట గురించే అడగండి. అక్కడా కాకపోతే అథ్లెటిక్ డైరెక్టర్. ఎలిజిబిలిటీ విషయమైతే అప్పీల్‌కు గడువు ఉంటుంది, నోటీసు అందిన రోజే ఆ తేదీ చూసి రాసిపెట్టుకోండి.