వ్యూఫైండర్ దగ్గర కళ్ళజోడు ఉంచాలా, తీయాలా?

వ్యూఫైండర్ అంటే కెమెరా వెనక కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ. దాంట్లోకి చూసే నా కుడికంటికి మైనస్ 2.50, సిలిండర్ (ఒక దిశలో గీతలు మసకబారే దోషానికి ఇచ్చే పవర్) 0.50. తెనాలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాను. తీరిక దొరికిన ఆదివారం ఉప్పలపాడు చెరువు దగ్గర పెలికాన్ల కోసం కూర్చుంటాను. పెళ్ళిలో కళ్ళజోడు ఉంటుంది, చెరువు దగ్గర ఉండదు. కెమెరా గానీ, వ్యూఫైండర్‌కు తగిలించే కరెక్షన్ లెన్స్ (పవర్ ఉన్న చిన్న గాజు) గానీ కొనేముందు మీరూ ఈ సంగతి తేల్చుకోండి.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వ్యూఫైండర్‌లోకి చూస్తాను, మరుక్షణమే తలెత్తి పెళ్ళికూతురి అమ్మ ఎక్కడుందో వెతుక్కుంటాను. మధ్యలో కళ్ళజోడు తీసి పెట్టే టైం ఎక్కడిది? అందుకే అక్కడ నాకు ముఖ్యం ఐపాయింట్. అంటే కన్ను ఐపీస్ (వ్యూఫైండర్‌లో కంటి వైపు ఉండే) గాజుకు ఎంత దూరంలో ఉన్నా ఫ్రేమ్ మొత్తం కనిపిస్తుందో ఆ కొలత. నికాన్ డి3500లో అది 18 మి.మీ., డి750లో 21, సోనీ ఏ7 త్రీలో 23. చిన్న తేడాలా అనిపిస్తుంది గానీ, మధ్యలో కళ్ళజోడు అద్దం వచ్చాక 18తో మూలలు కనిపించడం కష్టం. షాపులో మీ కళ్ళజోడు పెట్టుకుని, నాలుగు మూలలూ ఒకేసారి కనిపిస్తున్నాయో లేదో చూశాకే కొనండి. ఐకప్‌కు, అంటే ఐపీస్ చుట్టూ ఉండే అంచుకు, మెత్తటి రబ్బరు ఉండాలి, లేకపోతే అద్దాలకు గీతలు పడతాయి.

కళ్ళజోడు పక్కన పెట్టి ఫొటోలు తీసేవాళ్ళు డయాప్టర్ చక్రం (వ్యూఫైండర్ పక్కన ఉండే, దాని పవర్‌ను మన కంటికి తగ్గట్టు మార్చే చక్రం) ఎంతవరకు తిరుగుతుందో చూసుకోవాలి. డి3500లో మైనస్ 1.7 వరకే, నా కంటికి చాలదు. డి750లో మైనస్ 3, ఏ7 త్రీలో మైనస్ 4 దాకా ఉంది. చక్రం చాలకపోతే కరెక్షన్ లెన్స్ తగిలించుకోవచ్చు, నికాన్ డీకే-20సీ లాంటిది. దాని మీద మైనస్ 2 అని ఉంటే, చక్రం మధ్యలో ఉన్నప్పుడు మొత్తం కలిపి వచ్చే పవర్ అది. ఆ మధ్య స్థానపు మైనస్ 1 కూడా అందులో కలిసే ఉంది కాబట్టి, దాన్ని మళ్ళీ విడిగా కూడకండి.

చక్రం తిప్పేటప్పుడు ఎదుటి దృశ్యం చూడకండి. ఖాళీ గోడ వైపు కెమెరా పెట్టి, లోపలి ఫోకస్ చుక్కలు, కింద షట్టర్ స్పీడ్ అంకెలు పదునుగా కనిపించేదాకా తిప్పండి. అలాగే చూస్తూ ఉంటే కన్ను తనే సర్దుకుని మోసం చేస్తుంది. రెండు మూడుసార్లు కిటికీలోంచి దూరంగా చూసి, మళ్ళీ సరిచూడండి.

అడ్డగీతలు పదునుగా, నిలువుగీతలు మసకగా ఉంటే అది సిలిండర్ పని. డయాప్టర్ దాన్ని సరిచేయలేదు. నాది 0.50 కాబట్టి సర్దుకున్నాను. ఎక్కువ ఉన్నవాళ్ళకు కళ్ళజోడు ఉంచుకోవడమే నయం. చత్వారానికి ప్రోగ్రెసివ్ అద్దాలు (పైన దూరానికి, కింద దగ్గరకు వేర్వేరు పవర్ ఉండేవి) వాడేవాళ్ళు తల ఎలా వంచితే అద్దంలో ఏ భాగం వ్యూఫైండర్ ముందుకు వస్తుందో ముందే చూసుకుని, ఆ భాగంతోనే చక్రం సరిచేసుకోవాలి.

ఒక ముహూర్తానికి ఐదు నిమిషాల ముందు వ్యూఫైండర్ అంతా మసక. లెన్స్ పాడైందనుకుని మార్చేశాను, టెన్షన్‌తో చేతులు వణికాయి. తీరా చూస్తే బ్యాగుకు ఒరుసుకుని చక్రం తిరిగిపోయింది. ఆటోఫోకస్‌తో తీసిన ఫొటోలు మాత్రం బాగానే వచ్చాయి, ఎందుకంటే చక్రం మార్చేది మన కంటికి కనిపించేదాన్నే. అప్పటినుంచి పెళ్ళికి బయల్దేరే ముందు చక్రం మీద చిన్న నల్ల టేప్ ముక్క అంటిస్తున్నాను. ఉప్పలపాడు వెళ్ళేరోజు పీకేస్తాను.