బకర్వాల్ మందల వెంట నడిచే ముందు: ఫీల్డ్‌వర్క్ జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో గొర్రెలు, మేకలు కాసే సంచార బకర్వాల్ కుటుంబాలు జమ్మూ వైపు పల్లపు ప్రాంతాల నుంచి పీర్ పంజాల్ కొండలు దాటి కశ్మీర్ పచ్చిక బయళ్లకు కదులుతాయి. వాళ్లతో నడుస్తూనే వాళ్ల ఫోన్ సంభాషణలనూ అధ్యయనం చేయబోతున్నవాళ్లు ముందుగా ఇవి చూసుకోండి.

• జీపీఎస్ దారులు, ఫొటోల్లోని లొకేషన్ వివరాలు తీసేయకుండా ఎవరికీ పంపొద్దు. మేత హక్కుల గొడవ ఉన్నచోట ఒక్క మ్యాప్ చాలు, ఆ కుటుంబం దారి మూసుకుపోవడానికి. ఈ తప్పును వెనక్కి తీసుకోలేం.

• వాట్సాప్ గ్రూపులో చేర్చుకున్నారంటే రికార్డు చేసుకోమన్నట్టు కాదు. ఒకే ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడుతుంటే ఒకరి ఒప్పుకోలు సరిపోదు. వాయిస్ మెసేజ్‌లో వెనకాల గొర్రెల గంటలతో పాటు వదినగారి మాటలూ వినిపిస్తాయి. ఆమెను కూడా అడగాలి, వాళ్ల భాష గోజ్రీలోనే అడగాలి.

• సిమ్ పోస్ట్‌పెయిడేనా? బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు.

• శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు. మన దేశంలో అది నేరం.

• సిగ్నల్ లేని రోజుల్లో నోట్‌బుక్ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో మెసేజ్‌లు లేవంటే ఏమీ జరగలేదని కాదు. కొండ కనుమ దాటిన రోజు, గొర్రె ఈనిన రాత్రి ఫోన్‌లోకి ఎక్కకపోవచ్చు.

• పవర్ బ్యాంకును రాత్రి దుప్పట్లో పెట్టుకోండి. చలికి ఛార్జింగ్ త్వరగా దిగిపోతుంది.